వంగడం సంగతి తర్వాత, ముందు చెత్త సంగతి చూడండి

జపాన్ లో చెర్రీ పూల సీజన్ దగ్గర పడుతుందంటే చాలు, ఇక్కడ ఉండే నా ఫోన్ లో వాట్సాప్ ఆగదు. టికెట్లు బుక్ చేసుకున్న చుట్టాలు, వాళ్ళ ఆఫీసు ఫ్రెండ్స్, అమెరికా నుంచి హైదరాబాద్ వెళ్తూ దారిలో టోక్యోలో నాలుగు రోజులు దిగుదామనుకునే కజిన్లు, అందరూ అడిగేవి ఇంచుమించు ఒకటే ప్రశ్నలు. ఎంతవరకు వంగాలి, చాప్‌స్టిక్స్ తో తినడం రాకపోతే చిన్నచూపు చూస్తారా, ఏదిచ్చినా రెండు చేతులతోనే ఇవ్వాలా. మా పిన్ని అయితే "వంగి దణ్ణం పెట్టకపోతే వాళ్ళకి కోపం వస్తుందంట కదమ్మా, నాకేమో నడుం నొప్పి" అని నిజంగానే దిగులు పెట్టుకుంది. ఖాళీ వాటర్ బాటిల్ ఎక్కడ పడేయాలి అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. రైల్లో పిల్లాడు కార్టూన్లు చూస్తానని మారాం చేస్తే ఏం చేయాలి, రెండు పెద్ద సూట్‌కేసులతో పొద్దున్నే ఎనిమిదింటికి ట్రైన్ ఎక్కొచ్చా, ఇవీ ఎవరూ అడగరు. ఇక్కడ రోజూ ఇబ్బంది వచ్చేదేమో వీటి దగ్గరే.

దీనికి కారణం ఏంటంటే జపాన్ గురించి మనలో తిరిగే ఫార్వర్డ్ మెసేజులు. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ లో మ్యాచ్ అయిపోయాక జపాన్ అభిమానులు నీలం సంచులు పట్టుకుని స్టేడియం శుభ్రం చేసే ఫోటో ఉంటుంది, 1998 ఫ్రాన్స్ వరల్డ్ కప్ నుంచి వాళ్ళు ఆ పని చేస్తూనే ఉన్నారు, అది నిజమే. దాని కింద మాత్రం తప్పకుండా ఒక లైను ఉంటుంది, క్రమశిక్షణ వాళ్ళ రక్తంలోనే ఉంది, మనకి ఈ జన్మలో రాదు అని. నాకు ఆ లైను చూస్తే ఒళ్ళు మండుతుంది. పొగడ్తలా కనిపిస్తుంది గానీ దాంతో రెండు రకాల నష్టం. ఒకటి, మనం చేతులు దులుపుకుని కూర్చోవచ్చు, రక్తంలో లేనిదానికి మనమేం చేస్తాం అని. రెండోది, ఇక్కడికి వచ్చేవాళ్ళు జపాన్ మర్యాద అంటే ఏదో మంత్రం, మడి అనుకుని, చేతగాని వాటి గురించి భయపడి, తేలిగ్గా చేయగలిగినవాటిని పట్టించుకోరు.

ఆ రక్తం కథ ఎంత అబద్ధమో తెలియాలంటే 1960ల్లో టోక్యో ఎలా ఉండేదో తెలుసుకోవాలి. సుమిదా నది ఒడ్డున ఎప్పటినుంచో జరిగే బాణసంచా పండగ 1961 తర్వాత ఆగిపోయింది, నది అంత మురికి, ఒడ్డున అంత కంపు, ట్రాఫిక్ సంగతి సరేసరి. మళ్ళీ మొదలైంది 1978 లో. ఊళ్ళో చెత్తంతా తీసుకెళ్ళి సముద్రం పూడుస్తూ కోతో వార్డులో యుమెనోషిమా అనే దిబ్బ మీద పోసేవాళ్ళు. 1965 ఎండాకాలంలో ఆ దిబ్బ మీద పుట్టిన ఈగలు గుంపులు గుంపులుగా చుట్టుపక్కల ఇళ్ళ మీద పడ్డాయి, స్కూళ్ళలో పిల్లలు అన్నం తినలేని పరిస్థితి. మందు కొట్టినా లాభం లేకపోయేసరికి చివరికి అధికారులు చెత్తకుప్పలకే నిప్పు పెట్టారు. ఇప్పుడు అక్కడ పార్కు ఉంది, పెద్ద గ్లాస్ హౌస్ లో ఉష్ణమండలం మొక్కలు పెంచుతున్నారు, టోక్యో ఒలింపిక్స్ లో ఆర్చరీ పోటీలు జరిగింది కూడా ఆ స్థలంలోనే.

అంతటితో అయిపోలేదు. 1971 జనవరిలో టోక్యో గవర్నర్ మినోబే రియోకిచి సభలో నిలబడి ఇది చెత్త మీద యుద్ధం అని ప్రకటించాల్సి వచ్చింది. గొడవ ఏంటంటే, ఊరందరి చెత్త లారీలూ కోతో వార్డు వీధుల్లోంచే పోవాలి, కంపంతా వాళ్ళకే. అటు డబ్బున్నవాళ్ళు ఉండే సుగినామి వార్డు జనం మాత్రం మా పేటలో చెత్త కాల్చే ప్లాంటు కట్టడానికి వీల్లేదు అని అడ్డం పడ్డారు. కోతో వాళ్ళకి కడుపు మండి సుగినామి నుంచి వచ్చే చెత్త లారీలని రోడ్డు మీదే ఆపేశారు, అందులో వార్డు పెద్దలు కూడా ఉన్నారు. చెత్త అక్కడ పేరుకుపోయింది. 1974 లో గానీ సుగినామి రాజీకి రాలేదు, ప్లాంటు పని చేయడం మొదలయ్యేసరికి 1980లు వచ్చేశాయి. మీ చెత్త మీరే చూసుకోవాలి, ఎవరి పేటలోనో పడేసి మా ఊరు శుభ్రం అనుకోకూడదు అనే సూత్రం ఆ కొట్లాటల్లోంచి వచ్చింది. మన డంపింగ్ యార్డుల పక్కన ఉండే పేటల జనానికి ఈ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

రైళ్ళ సంగతీ అంతే. ముసలివాళ్ళకి సీటు ఇవ్వడం పుట్టుకతో వస్తే 1973 లో చువో లైన్ లో వాళ్ళ కోసం వేరే సీట్లు పెట్టాల్సిన అవసరం ఏముంది. టోక్యో సబ్‌వేలో కాళ్ళు బార్లా చాపుకోకండి, గొడుగు అడ్డంగా పట్టుకోకండి అని పోస్టర్లు వేయడం 1974 లో మొదలైంది, ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. రోడ్డు మీద నడుస్తూ సిగరెట్ తాగడం మామూలుగా ఉండేది, 2002 లో చియోదా వార్డు వీధుల్లో తాగితే 2,000 యెన్లు జరిమానా అని చట్టం చేసింది, తర్వాత ఒక్కో ఊరూ అదే దారి పట్టింది. పర్సు పోతే తిరిగి దొరుకుతుంది అని అందరూ చెప్పుకుంటారు కదా, టోక్యో పోలీసుల దగ్గరికి ఏటా 40 లక్షలకి పైగా వస్తువులు చేరతాయి, దాని వెనక కూడా చట్టం ఉంది. దొరికింది తెచ్చి ఇచ్చినవాళ్ళకి విలువలో 5 నుంచి 20 శాతం దాకా బహుమానం అడిగే హక్కు ఉంది, మూడు నెలల్లో సొంతదారు రాకపోతే చాలా వస్తువులు దొరికినవాళ్ళకే వస్తాయి. వీధి వీధికీ చిన్న పోలీస్ బాక్స్ ఉంటుంది కాబట్టి తెచ్చి ఇవ్వడం పెద్ద పనేం కాదు. వీళ్ళ మంచితనాన్ని నేను తక్కువ చేయట్లేదు, ఆ మంచితనం నిలబడడానికి ఎన్ని ఏర్పాట్లు కష్టపడి చేసుకున్నారో చూడమంటున్నాను.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఏర్పాటు అర్థమైతే యాభై రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు. దాదాపు అన్నిటి వెనకా ఉన్నది ఒకటే, నీ పని నువ్వు పూర్తి చేసుకో, మిగిల్చింది పక్కవాళ్ళ నెత్తిన పడనీయకు. ఏదైనా కొత్త చోట ఏం చేయాలో తెలియకపోతే నా తర్వాత వచ్చేవాళ్ళకి ఏం మిగులుతోంది అని చూసుకుంటే పదింట తొమ్మిది సార్లు సరైన పనే చేస్తారు.

చెత్తతోనే మొదలుపెడతా. 1995 మార్చి 20న టోక్యో సబ్‌వేలో ఓమ్ షిన్రిక్యో అనే ముఠా సారిన్ విషవాయువు వదిలింది, ఆ తర్వాత భద్రత కోసం స్టేషన్లలో, రోడ్ల మీద చెత్తడబ్బాలు తీసేశారు, చాలావరకు తిరిగి పెట్టలేదు. కాబట్టి వీధిలో డబ్బా కోసం వెతకొద్దు. బ్యాగులో ఒక క్యారీ బ్యాగు పెట్టుకోండి, రోజంతా పోగైనదాన్ని రాత్రి హోటల్ గదిలో పడేయండి. కొంబినిలో, అంటే 24 గంటలు తెరిచుండే చిన్న షాపులు, అక్కడ కొన్నదాని చెత్త అక్కడి డబ్బాలో వేయొచ్చు. డ్రింకులు అమ్మే మెషిన్ పక్కన గుండ్రటి కన్నాలతో ఒక డబ్బా ఉంటుంది, అది సీసాలకీ క్యాన్లకీ మాత్రమే, అందులో అరటితొక్కలు, చిప్స్ ప్యాకెట్లు కుక్కొద్దు, ఆ డబ్బాని రీసైక్లింగ్ కోసం విప్పి చేత్తో ఏరేవాళ్ళు ఉంటారు.

హోటల్ కాకుండా అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని దిగేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, మనవాళ్ళు వంట కోసం ఎక్కువగా తీసుకునేవి అవే. నేను ఉండే వీధిలో మూల మీద కాకులకి అందకుండా పసుపు రంగు వల ఒకటి ఉంటుంది, కాలే చెత్త వారానికి రెండు రోజులు, ప్లాస్టిక్ ఒక రోజు, సీసాలు డబ్బాలు ఇంకో రోజు, పొద్దున ఎనిమిదింటిలోపు తెచ్చి ఆ వల కింద పెట్టాలి. పక్క బిల్డింగులో టూరిస్టుల ఫ్లాట్ ఒకటుంది. అన్నం, సీసాలు, డైపర్లు అన్నీ ఒకే నల్ల కవర్లో కట్టి ఆదివారం రాత్రి వల బయట పెట్టి వెళ్ళిపోతారు. మున్సిపాలిటీ బండివాళ్ళు దాన్ని తీసుకోరు, తప్పుగా వేరు చేశారు అని ఒక స్టిక్కర్ అంటించి వదిలేస్తారు. టూరిస్టులు అప్పటికే క్యోటో వెళ్ళిపోయి ఉంటారు. కాకులు ఆ కవరు చింపుతాయి. ఆ వీధిలోనే ఉండే డెబ్బై దాటిన పెద్దావిడ గ్లౌజులు వేసుకుని, పటకారుతో ఒక్కొక్కటీ ఏరి వేరే కవర్లలో సర్దుతుంది, ఎవరినీ ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనలేదు కాబట్టి ఏమీ జరగలేదు అనుకుంటారు అందరూ. ఆ ఫ్లాట్ లో గోడ మీద ఇంగ్లీషులో కూడా కాగితం అంటించే ఉంటుంది, ఏ రోజు ఏది అని, చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. మీకు చెక్ అవుట్ రోజున ఆ రకం చెత్త తీసుకోరు అని ఉంటే ఇంట్లోనే వేరు వేరు కవర్లలో కట్టి పెట్టి హోస్ట్ కి మెసేజ్ పెట్టండి, సరిపోతుంది.

రైలు సంగతికి వద్దాం. జనం నిశ్శబ్దంగా కూర్చోవడం చూసి మనవాళ్ళు బిగుసుకుపోతారు, ఇదేదో గుడిలా ఉంది అని. మాట్లాడొచ్చు, మెల్లగా. ఫోన్ కాల్ మాత్రం వద్దు, వచ్చినా కట్ చేసి దిగాక చేయండి. షింకాన్‌సెన్ లో, అంటే బుల్లెట్ ట్రైన్ లో అయితే పెట్టెకీ పెట్టెకీ మధ్య తలుపు దగ్గరికి వెళ్ళి మాట్లాడుకోవచ్చు. స్పీకర్ పెట్టి ఇంటికి వీడియో కాల్ చేసి "ఇదిగో చూడండి, ట్రైన్ లో ఉన్నాం" అని చూపించడం మనవాళ్ళలో మరీ ఎక్కువైంది, అందులో పక్కవాళ్ళ మొహాలు కూడా పడతాయి, అది వాళ్ళకి ఇంకా ఇబ్బంది. పిల్లలకి హెడ్‌ఫోన్స్ కొనండి, ఈ ప్రయాణానికి మీరు పెట్టే ఖర్చులో అన్నిటికంటే పనికొచ్చేది అదే. ప్లాట్‌ఫాం మీద గీతలు ఉంటాయి, వాటి వెంబడి నిలబడి, దిగేవాళ్ళని దిగనిచ్చి ఎక్కండి, వీపుకున్న బ్యాగు ముందుకి వేసుకోండి లేదా చేత్తో కిందకి పట్టుకోండి. ఎస్కలేటర్ దగ్గర టోక్యోలో ఎడమ పక్క నిలబడతారు, ఒసాకాలో కుడి పక్క. అసలు ఎస్కలేటర్ మీద నడవొద్దు అని సైతామాలో 2021 లో, నగోయాలో 2023 లో చట్టం చేశారు. మీ ముందున్నవాళ్ళు ఏ పక్క నిలబడితే మీరూ ఆ పక్కే నిలబడండి.

సామాన్ల గురించి అయితే ప్రాధేయపడి చెప్తాను. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టోక్యో లోకల్ రైళ్ళలో పెద్ద సూట్‌కేసులతో ఎక్కొద్దు. ఎక్కితే తిట్టరు, కానీ మీ రెండు పెట్టెల వల్ల నలుగురు మనుషులు ఆఫీసుకి వెళ్ళాల్సిన ట్రైన్ ఎక్కలేకపోతారు. దీనికి చక్కటి ఉపాయం ఉంది, టక్యుబిన్, అంటే సామాన్లు చేరవేసే కొరియర్. యమాతో అనే కంపెనీ 1976 లో మొదలుపెట్టింది, పసుపు రంగులో నల్ల పిల్లి, కూనని నోట పట్టుకుని ఉన్న బొమ్మ మీకు ప్రతి వీధిలో కనిపిస్తుంది. హోటల్ రిసెప్షన్ లో చెప్తే ఫారం వాళ్ళే నింపుతారు, సైజుని బట్టి పెట్టెకి రెండు మూడు వేల యెన్లు అవుతుంది, టోక్యోలో ఈరోజు ఇస్తే మామూలుగా రేపటికి క్యోటో హోటల్లో ఉంటుంది. ఒక రాత్రికి సరిపడా బట్టలు, మందులు, పాస్‌పోర్ట్ చేతి బ్యాగులో పెట్టుకుని వెళ్ళండి. అమ్మానాన్నలని తీసుకొచ్చేవాళ్ళు దీని ముందు పిసినారితనం చూపించొద్దు, షింజుకు స్టేషన్ లో మెట్ల మీద నాన్న చేత పెట్టె మోయించడం కంటే ఇది ఎంతో నయం. మాతోనే తీసుకెళ్తాం అంటే టోక్యో ఒసాకా మధ్య నడిచే షింకాన్‌సెన్ లో 2020 నుంచి ఒక రూల్ ఉంది, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకి దాని స్థలంతో పాటు ఉన్న సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, అదనంగా డబ్బేం కట్టక్కర్లేదు, చేసుకోకుండా ఎక్కితే మాత్రం 1,000 యెన్లు కట్టాలి.

ఇక వేడినీళ్ళ స్నానం, ఒన్‌సెన్. మనవాళ్ళు బట్టలు లేకుండా అందరి మధ్యా అనగానే వెనక్కి తగ్గుతారు, నేను బలవంతం చేయను. కానీ సిగ్గు ఒక్కటే అడ్డం అయితే ఒకసారి వెళ్ళి చూడమంటాను, ఎందుకంటే జపాన్ మర్యాద మొత్తం ఆ ఒక్క గదిలో కనిపిస్తుంది. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరు వేరుగా ఉంటాయి. బట్టలు బుట్టలో పెట్టి, చిన్న తువ్వాలు ఒక్కటి చేత్తో పట్టుకుని లోపలికి వెళ్తే గోడ వెంబడి కుళాయిలు, చిన్న చిన్న పీటలు ఉంటాయి. పీట మీద కూర్చునే స్నానం చేయాలి, నిలబడి చేస్తే నీళ్ళు పక్కవాళ్ళ మీద పడతాయి. సబ్బు రుద్దుకుని నురగ మొత్తం పోయేదాకా కడుక్కోవాలి, జుట్టు పొడుగ్గా ఉంటే పైకి ముడి పెట్టుకోవాలి, కూర్చున్న పీటని, వాడిన గిన్నెని నీళ్ళతో కడిగి పెట్టాలి. అప్పుడు తొట్టిలోకి దిగాలి, మెల్లగా, ఈత కొట్టకుండా. తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, అందుకే మడిచి తలమీద పెట్టుకుంటారు, అది స్టైల్ అనుకుంటారు చాలామంది. బయటికి వచ్చేటప్పుడు ఆ తువ్వాలు పిండి ఒళ్ళు తుడుచుకున్నాకే బట్టల గదిలోకి రావాలి, లేకపోతే చాప తడిసి తర్వాత వచ్చేవాళ్ళ సాక్సులు తడుస్తాయి. ఒక్కో పని చూడండి, ప్రతిదీ తర్వాత వచ్చే మనిషిని తలుచుకుని చేసేదే.

ఒంటి మీద పచ్చబొట్టు ఉంటే చాలా చోట్ల రానివ్వరు, ఇక్కడ టాటూ అంటే రౌడీ ముఠాల గుర్తు అనే భావం ఉంది కాబట్టి. 2013 లో హొక్కైదోలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ పెద్దావిడని, ముఖం మీద వాళ్ళ సంప్రదాయం ప్రకారం ఉన్న పచ్చబొట్టు చూసి స్నానానికి రానివ్వలేదు. ఆవిడ వచ్చింది స్థానిక తెగల భాషల మీద సభకి. అది అన్యాయమే అని నా అభిప్రాయం, జపాన్ వాళ్ళ రూల్ కాబట్టి కళ్ళకద్దుకోవాలి అని నేననను. మన అమ్మమ్మల చేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి, వాళ్ళని ఏ గుంపులో వేస్తారు? చిన్నదైతే అతికించుకునే పట్టీతో కప్పుకోవచ్చు అనే చోట్లు ఇప్పుడు పెరిగాయి, గంటకింత అని అద్దెకిచ్చే సొంత తొట్టి గదులు కూడా ఉంటాయి, అవి చూసుకోండి. అలాగే పొద్దున రద్దీలో ఆడవాళ్ళకి మాత్రమే అనే రైలు పెట్టెలు చూసి ఎంత గౌరవమో అని మురిసిపోయేవాళ్ళున్నారు. రైళ్ళలో ఆడవాళ్ళని తడమడం అంత పెరిగిపోయి 2000ల మొదట్లో అవి పెట్టాల్సి వచ్చింది. మగవాళ్ళు ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు చూసుకుని ఆ పెట్టె వదిలేయండి.

భోజనం దగ్గర చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాకపోతే ఫోర్క్ అడగండి, ఇస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. రెండు మాత్రం చేయొద్దు, అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చడం, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముద్ద అందించడం. మొదటిది చనిపోయినవాళ్ళ ముందు పెట్టే అన్నానికి చేసేది, రెండోది దహనం అయ్యాక ఎముకలు ఏరే పద్ధతి. భోజనాల బంతిలో ఎవరైనా పిండంలా ముద్ద చేసి విస్తరి పక్కన పెడితే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. నూడుల్స్ జుర్రుతూ తినొచ్చు. టిప్పు ఇవ్వొద్దు, బల్ల మీద వదిలేసి వస్తే మర్చిపోయారనుకుని వెనక పరిగెత్తుకొస్తారు.

దీనికంటే పెద్ద విషయం రిజర్వేషన్లు. నలుగురికి మూడు హోటళ్ళలో టేబుల్ బుక్ చేసి ఆ రాత్రి ఎటు మూడ్ ఉంటే అటు వెళ్ళడం మనకి తప్పుగా అనిపించదు. ఇక్కడ ఎనిమిది కుర్చీలుండే షాపులు వేలల్లో ఉంటాయి, నలుగురు రాకపోతే ఆ రోజు సగం వ్యాపారం పోయినట్టే, చేపలు, కూరగాయలు ఆ సంఖ్యకే కొని ఉంటారు. రియోకాన్ లో, అంటే పాతకాలం పద్ధతిలో నడిచే జపాన్ సత్రంలో అయితే రాత్రి భోజనం టైము ముందే చెప్పించుకుంటారు, ఆరున్నర అంటే ఆరున్నరే, పది పన్నెండు చిన్న చిన్న వంటకాలు ఒకదాని వెంట ఒకటి లెక్క ప్రకారం వండుతారు. శాకాహారులం అని అక్కడికెళ్ళి బల్ల ముందు కూర్చున్నాక చెప్పడం వాళ్ళకి నరకం, "ఈ ఒక్క ముక్క తీసేసి ఇవ్వండి చాలు" అంటే కుదరదు, ఎందుకంటే పులుసు, గుడ్డు, ఉడకబెట్టిన కూర అన్నిట్లోనూ ఎండబెట్టిన చేపతో కాచిన దాషి ఉంటుంది. మిసో సూప్ లో కూడా. బుక్ చేసేటప్పుడే రాయండి, చేప పులుసు కూడా తినం అని విడిగా రాయండి. వాళ్ళు చేయలేం అంటే అది నిర్లక్ష్యం కాదు, నిజాయితీ, వేరే చోటు చూసుకోండి. నిజమైన శాకాహారం కావాలంటే కోయాసాన్ కొండ మీద బౌద్ధ మఠాల్లో రాత్రి ఉండొచ్చు, అక్కడి షోజిన్ భోజనంలో ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు, మా అత్తగారు ఈ దేశంలో తృప్తిగా తిన్న భోజనం అదే.

మేం డబ్బులు పెట్టి వస్తున్నాం, ఇన్ని కట్టుబాట్లేంటి, ఇది సెలవా శిక్షా అని అడిగేవాళ్ళకి ఒక్క విషయం చెప్పాలి. 2024 లో జపాన్ కి వచ్చిన విదేశీయులు 3 కోట్ల 68 లక్షల మంది, అందులో మన దేశం నుంచి రెండు లక్షల పైచిలుకు. ఇంతమంది వచ్చే చోట ఒక్కొక్కరి చిన్న నిర్లక్ష్యం కూడా ఊరి మీద బరువవుతుంది. క్యోటోలో గియోన్ అనే పేటలో గెయికోలు (అంటే గెయిషాలు), వాళ్ళ దగ్గర నేర్చుకునే మైకోలు పనికి నడిచి వెళ్తుంటే దారి కాసి ఫోటోలు తీయడం, కిమోనో పట్టుకుని లాగడం జరిగేది. 2019 లో ప్రైవేటు సందుల్లో ఫోటోలు వద్దు అని బోర్డులు పెట్టారు, వినలేదు, 2024 లో ఆ సందుల్లోకి టూరిస్టులు రాకూడదు, వస్తే 10,000 యెన్లు అని పెట్టారు. అదే ఏడాది ఫుజికావాగుచికోలో ఒక కొంబిని పైన ఫుజి కొండ కూర్చున్నట్టు కనిపించే చోట, జనం రోడ్డుకి అడ్డం పడటం, పక్కనున్న పళ్ళ డాక్టరు స్థలంలో బండ్లు పెట్టడం, చెత్త పడేయడం భరించలేక ఊరివాళ్ళు 20 మీటర్ల పొడుగున నల్ల తెర కట్టేశారు. కొన్ని నెలలకి తీసేశారు గానీ, తమ కొండని తామే దాచుకునే దాకా వెళ్ళారంటే ఎంత విసిగిపోయి ఉండాలి! కామాకురాలో నడుస్తూ తినొద్దు అని 2019 లో, షిబుయాలో రాత్రిళ్ళు రోడ్డు మీద మందు తాగొద్దు అని 2024 లో చట్టాలు వచ్చాయి. వీటిలో చాలావరకు మనలాంటి అతిథుల పుణ్యమా అని పుట్టిన రూల్సే, 1970ల్లో వాళ్ళు వాళ్ళల్లో వాళ్ళు కొట్లాడుకుని పెట్టుకున్నట్టే ఇప్పుడు మన కోసం పెడుతున్నారు. జాగ్రత్తగా వచ్చి వెళ్తే తర్వాత వచ్చే మన పిల్లలకి ఆ సందులు తెరిచి ఉంటాయి.

చివరిగా పెట్టెలో ఏం సర్దుతున్నారో చూసుకోండి, ఇది మర్యాద కాదు, నేరం కింద లెక్క. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యలు కాకుండా ఏ మాంసంతో చేసినదైనా సంచిలో వేసుకుని తేవడానికి లేదు. సీల్ చేసినా అంతే, అమ్మ చేత్తో చేసింది అన్నా అంతే, ఇంత అంత అని కూడా లేదు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, ములక్కాడలు లాంటివి కూడా ప్రభుత్వ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు, కొన్నిటినైతే సర్టిఫికెట్ ఉన్నా రానివ్వరు. ఎయిర్‌పోర్టులో సామాన్ల దగ్గర చిన్న కుక్కలు తిరుగుతుంటాయి, ముద్దుగా ఉన్నాయని పిల్లలు దగ్గరికి పోతారు, అవి వెతికేది వీటినే. దాచి తెస్తే మూడేళ్ళ దాకా జైలు, 30 లక్షల యెన్ల దాకా జరిమానా చట్టంలో ఉంది. తెలియక తెచ్చేసినట్టయితే కౌంటర్ దగ్గర మీరే చెప్పేయండి, తీసుకుని పంపించేస్తారు. మందుల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటినవి, అంటే ముక్కు దిబ్బడకి మనం అలవాటుగా వేసుకునే కొన్ని బిళ్ళలు, ఇక్కడ నిషేధం, డాక్టరు రాసిన మందులు నెలకి మించి తెచ్చుకోవాలంటే బయల్దేరే ముందే ఆన్‌లైన్ లో అనుమతి తీసుకోవాలి. షుగరు బీపీ ఉన్న పెద్దవాళ్ళతో రెండు నెలలు ఉండటానికి వచ్చేవాళ్ళు ఇది మర్చిపోతుంటారు. కందిపప్పు, పొడులు, కారం కోసం కంగారు పడొద్దు, టోక్యోలో నిషి కసాయి స్టేషన్ దగ్గర ఇండియన్ షాపులున్నాయి, ఐటీ ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది, పప్పులు, బియ్యం, ఆవకాయ సీసాలు అన్నీ అక్కడ దొరుకుతాయి.